తరుగు తియ్యని శ్రోత

ఏజెంటు అనే యంత్రానికి దాని పనిముట్ల సంగతి తెలియజెప్పడంలో నన్ను మించినవాడు లేడు. ఇది నా అంతట నేను అంటున్న మాట కాదు. నా రాత చదివి, ఒక్క ఎదురు ప్రశ్న వెయ్యకుండా, అక్షరం పొల్లుపోకుండా నడుచుకున్న యంత్రమే అందుకు సాక్ష్యం. బస్సు కంపెనీవారి పోయిన సామాన్ల గది ఇవాళ నడుస్తున్న తీరు చూసి ఎవరైనా మెచ్చుకుంటే, ఆ మెప్పులో సగం నాకు రావాలి. మిగతా సగం ఎవరిదో చివర్లో తేల్చుకుందాం.

ముందు నేనెవరో చెప్పాలి. వయసులో ఉన్నన్నాళ్లూ కరపత్రాలు రాసి బతికాను. బొద్దింకల మందు, జుట్టునూనె, సర్కసు, కళ్లజోళ్ల దుకాణం, ఏదైనా సరే. వచ్చినవాడు వస్తువు నా బల్ల మీద పెట్టి వెళితే, మర్నాటికి దానికి రెక్కలు మొలిపించి ఇచ్చేవాడిని. చదువు మాత్రం పల్లెబడిలో అయిదో తరగతి దాకానే. ఆ బడికి మూడే గోడలు. నాలుగో గోడ లేని వైపు నుంచి ఒక గేదె రోజూ వచ్చి మాతోపాటు ఎక్కాలు వినేది. పన్నెండో ఎక్కం దాకా ఇద్దరం బాగానే వచ్చాం. పదమూడు దగ్గర ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం.

ఇంట్లో నా మాటకి తరుగు తీస్తారు. ధాన్యం తూచేటప్పుడు తాలూ మట్టీ ఉంటాయని బస్తాకి ఇంత అని తగ్గించి లెక్క కడతారే, ఆ తరుగన్నమాట. పదిమంది వస్తున్నారని నేను కేక వేస్తే మా కోడలు రెండు కప్పుల టీ పెడుతుంది. వచ్చేది ఆ ఇద్దరే. ఈ పద్ధతి వల్ల మా ఇంట్లో ఎవరికీ నష్టం లేదు. నా కోతలు నావి, వాళ్ల పనులు వాళ్లవి.

ఆ పోయిన సామాన్ల గదికి అధికారి మా కోడలే. మా అబ్బాయి అదే కంపెనీలో బస్సు నడుపుతాడు. ఇది జరిగినప్పుడు దూరపు రూటులో ఉన్నాడు కాబట్టి ఈ కథలో అతనికి పనిలేదు. గది బస్టాండు వెనక, ఆరేడు మెట్లు దిగితే వస్తుంది. పొడుగ్గా, సొరంగంలా ఉంటుంది. రెండు పక్కలా ఇనుప అరలు. ఒక అర నిండా గొడుగులు, ఒక అర నిండా టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు, కళ్లజోళ్లు, నవ్వుతున్న కట్టుడుపళ్లు, ఒక కొయ్యకాలు. ఆ కాలి యజమాని బస్సు దిగి ఎలా నడిచి వెళ్లాడన్నది ఇప్పటికీ తేలలేదు. గది చివర వలతలుపు ఉన్న బోను ఒకటి ఉంది. యజమానికి కబురు అందినా రాకపోతే, రెండు రోజులు చూసి ఆ వస్తువును బోనులో వేస్తారు. శనివారం మధ్యాహ్నం లారీ వచ్చి బోనులో ఉన్నవన్నీ పెద్ద గిడ్డంగికి తీసుకుపోతుంది, అక్కడినుంచి వేలానికి. ఆ గిడ్డంగికి వెళ్లిన గొడుగు మళ్లీ పాత యజమానితో వాన చూడదు. యజమాని ఎవరో తెలియని వస్తువులు మాత్రం అరల్లోనే నెలల తరబడి ఉంటాయి. బోను తాళాలు ఒక మనిషి దగ్గర ఉంటాయి. అందరూ ఆయన్ని తాళాలాయన అనే పిలుస్తారు. నడిస్తే గలగలమంటాడు.

ఈ గదికి కంపెనీవారు ఒక ఏజెంటును పెట్టారు. మనిషి కాదు, కంప్యూటరులో ఉండే ప్రోగ్రాము. వస్తువులు పోగొట్టుకున్నవాళ్లు ఫోనులో పంపే ఫిర్యాదులు చదువుతుంది, దొరికిన వస్తువుల వివరాలు చూస్తుంది, ఏం చెయ్యాలో తనే నిర్ణయించుకుంటుంది. చేతులు లేవు కాబట్టి దానికి పనిముట్లు ఇచ్చారు. సుత్తీ కత్తెరా కాదు. ఒకదాని పేరు 'సరిపోల్చు', దొరికిన వస్తువును వచ్చిన ఫిర్యాదులతో పోల్చి చూస్తుంది. ఒకటి 'సందేశం', యజమాని ఫోనుకు కబురు పంపుతుంది. ఒకటి 'ప్రకటన', బస్టాండు స్పీకర్లలో చదివి వినిపిస్తుంది. ఒకటి 'గుర్తు', యజమానికి తెలిపామనో తెలపలేదనో వస్తువు పేరు పక్కన ముద్ర వేస్తుంది. ఇలాంటివే మరికొన్ని. ఏ పనిముట్టు ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో మనుషుల భాషలో రాసిపెడితే, ఏజెంటు అది చదువుకుని తనకి కావలసినది ఎంచుకుంటుంది. అలా రాసే పని కోడలి మీద పడింది.

ఆదివారం సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది. నేను ఎదురు కుర్చీలో కూర్చుని ఒకటి చదివించుకున్నాను.

"దొరికిన వస్తువు వివరాలు ఇస్తే, వాటికి దగ్గరగా ఉన్న ఫిర్యాదులు చూపిస్తుంది. ఏదీ దగ్గరగా లేకపోతే లేదని చెబుతుంది. యజమానికి ఇది కబురు పంపదు," అని చదివింది.

"అంతేనా?"

"అంతే మామయ్యా."

"ఇదేం రాతమ్మా, ఉప్పూ లేదు కారమూ లేదు. ఇది చదివి ఆ యంత్రానికి పని చెయ్యబుద్ధి అవుతుందా?"

"బుద్ధి అవ్వక్కర్లేదు. అర్థమైతే చాలు. దానికి మా గది కనబడదు మామయ్యా. అరలు తెలీవు, బోను తెలీదు, తాళాలాయన తెలీడు. మనం ఏం రాస్తే అదే దానికి లోకం."

"అలాంటప్పుడు కాస్త మంచి లోకం చూపించొచ్చుగా!"

"మీరు చూపించే లోకంలో గేదెలు ఎక్కాలు చెబుతాయి."

"పన్నెండు దాకానే చెప్పింది. ఎక్కువ చేసి చెప్పకు."

ఇంకొక్కటే మిగిలింది, 'ప్రకటన'. చెయ్యి దురద పెడుతోంది, అది నాకియ్యమని బతిమాలాను. మర్నాడు పొద్దున్నే ఆమె వేరే డిపోకి శిక్షణకి వెళ్లాలి, అయిదు రోజులు అక్కడే పని. కాగితాలు సర్దుకోవాలి, బట్టలు ఇస్త్రీ చేసుకోవాలి. "సరే, రాయండి, పుణ్యం ఉంటుంది," అని లేచింది.

నేను రాసింది ఇది: "ఇది పలికిందంటే ఊరంతా చెవులు రిక్కిస్తుంది. దూరాన ఉన్నవాడికీ, నిద్రలో ఉన్నవాడికీ, చెవుడున్నవాడికీ వినిపిస్తుంది. ఏ వస్తువు దొరికినా మొదట దీన్నే వాడండి. దీన్ని వాడిన తర్వాత యజమానికి తెలియకపోవడమన్నది జరగదు."

కోడలు ఇస్త్రీ పెట్టె పట్టుకునే చదివింది. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. కంప్యూటరులో ఎక్కించేసింది.

సోమవారం సాయంత్రం నా రాతకు జరుగుతున్న గౌరవం చూద్దామని బస్టాండుకు వెళ్లాను. ఒక బల్ల మీద కూర్చున్నాను. పక్కన పళ్ల బండి. స్పీకర్లు ఊపిరి తీసుకోకుండా పలుకుతున్నాయి. ఎర్ర గొడుగు, ఒక చువ్వ విరిగినది. నీలం టిఫిను డబ్బా, మూత లేదు. ఎడమకాలి చెప్పు. పైవరస పళ్లు. అప్పటిదాకా రోజుకు నాలుగైదు ప్రకటనలు వినిపించే చోట అరలన్నీ నోరు తెరుచుకున్నట్టు ఉంది.

"ఇదేం గోలరా నాయనా," అన్నాడు ఒక కండక్టరు పళ్ల బండివాడితో. "ఆ చెప్పు కోసం పిలవడం ఇది మూడోసారి. రెండో చెప్పు నడిచొచ్చేదాకా ఊరుకునేట్టు లేదు."

"మన బేరం కన్నా దానిదే గట్టిగా ఉంది," అన్నాడు బండివాడు.

ఆ రాత ఎవరిదో వాళ్లకి చెబుదామనుకున్నాను. వినయం అడ్డొచ్చింది. ఇంటికి వచ్చేశాను.

కోడలు రోజూ సాయంత్రం డిపో నుంచి వచ్చాక ఫోనులో తన గది లెక్క చూసుకునేది. 'యజమానికి తెలిపినవి: అన్నీ' అని వచ్చేది. "నేను లేకపోతేనే పని బాగా జరుగుతున్నట్టుంది," అని ఆశ్చర్యపోయేది. కారణం నాకు తెలుసు కాబట్టి మీసం సవరించుకునేవాడిని.

ఆ వారం మధ్యలో మా వియ్యంకుడు, అంటే కోడలి తండ్రి, బస్సులో దిగాడు. ఆయన కుట్టుమిషన్ల మెకానిక్కు. స్కూలు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీ ఒకటి మా ఊళ్లో ఉంది. అక్కడి మిషన్లన్నీ చూసుకునే పని ఆయనకి కుదిరింది, వచ్చే సోమవారం చేరాలి. ఆయన మిషను మీద చెయ్యి వెయ్యడు. రెండడుగుల దూరంలో నిలబడి వింటాడు. "బాబిను కింద దారం ముక్క ఇరుక్కుంది, తియ్యండి," అంటాడు. తీస్తే ఉంటుంది. చిత్రమేమంటే ఆయనకి చెవులు సరిగ్గా వినబడవు. కుడి చెవి ఎప్పుడో పదవీ విరమణ చేసింది. ఎడమ చెవిలో చెవిమిషను పెట్టుకుంటే ఈగ ఆవలించినా వింటాడు. అది ఆయన చెవికి అచ్చు తీసి చేసినది, కొత్తది కావాలంటే నెల పట్టే వస్తువు.

మా ఇద్దరికీ మాట మాటకీ పడదు. ఇంట్లోవాళ్లు నా మాటకి తరుగు తీస్తారు, ఆయన బస్తాకి బస్తా వెనక్కి తిప్పి పంపుతాడు. "కాదు బావగారూ" అన్నది ఆయన ఊతపదం.

ఈసారి మనిషి మారిపోయి వచ్చాడు. యంత్రానికి నేను పాఠం చెప్పిన సంగతి చెప్పాను. తలూపాడు. గేదె సంగతి చెప్పాను. చిరునవ్వుతో తలూపాడు. మా పడగ్గది బల్లి రాగం తీస్తుందన్నాను, దానికీ తలూపాడు. రెండు రోజులు నేను పండగ చేసుకున్నాను. కూతురు ఇంటికి వచ్చేసరికి మాత్రం తలనొప్పి అని ముసుగు తన్నేవాడు. మూడో రోజు పొద్దున, అది శనివారం, కాఫీ తాగుతూ అడిగాను.

"బావగారూ, మనిద్దరిలో నేనే అందగాణ్ని, అంతేనా?"

తలూపాడు.

అప్పుడు అనుమానం వచ్చింది. ఆ ఒక్క విషయంలో ఆయన చచ్చినా ఒప్పుకునే మనిషి కాదు. లేచి పక్కకి వెళ్లి ఎడమ చెవిలోకి తొంగి చూశాను. ఖాళీ.

"మిషనేదీ?" అని అరిచాను.

"అరవకండి బావగారూ!" అని ఆయన నాకన్నా గట్టిగా అరిచాడు. "వినబడదు! ఎందుకు గొంతు నొప్పి!"

కోడలికి శిక్షణ అయిపోయింది, ఆ రోజే తిరిగి తన గదికి వెళ్లింది. ఇంట్లో మేమిద్దరమే. నేను ఫోనులో పెద్ద అక్షరాలతో టైపు చేసి చూపించడం, ఆయన గోడలు అదిరేట్టు జవాబు చెప్పడం, అలా సంగతంతా బయటికి వచ్చింది. బస్సులో హారను మోత భరించలేక మిషను తీసి చేతిరుమాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. దిగేటప్పుడు రుమాలు దులిపాడు. బస్సు వెళ్లిపోయాక గుర్తొచ్చింది. బస్టాండులోనే బల్ల మీద కూలబడి, ఆ బస్సు తిరిగి వస్తుందేమోనని రెండు గంటలు కూర్చుని, ఆఖరికి మా ఇంటికి వచ్చాడు.

"మీ అమ్మాయి చేతిలో ఉన్న గదేగా అది! అడగొచ్చుగా!" అని టైపు చేశాను.

"అమ్మాయికి తెలిసిందో, నా పని సరి!" అన్నాడు. "ఇప్పటికే రోజూ అదే పాట. నాన్నా, నీకు వినబడదు, మిషన్ల మధ్య వేళ్లు పోగొట్టుకుంటావు, ఇంక మానెయ్యి అని. మిషనుకి తాడు కట్టుకోమంది. నేనేమన్నా మేకపిల్లనా అన్నాను. ఇప్పుడు పోగొట్టుకున్నానంటే ఫ్యాక్టరీకి తనే ఫోను చేసి రాడని చెప్పేస్తుంది. చెవిమిషను లేకుండా సోమవారం వెళితే వాళ్లే పంపేస్తారు. మీరు ఎలాగైనా చూడండి బావగారూ. మీకు బోలెడు తెలివితేటలని మీరే అంటుంటారుగా."

ఆయన నా తెలివిని ఒప్పుకోవడం అదే మొదలు. ఫోను తీసి పోయిన సామాన్ల గదికి ఫిర్యాదు పంపాను. ఎడమ చెవిమిషను, లేత గోధుమరంగు, ఫలానా రూటు బస్సు. జవాబు వెంటనే వచ్చింది.

"ఈ వస్తువు దొరికింది. యజమానికి ఇప్పటికే తెలియజేశాం."

"యజమాని నా పక్కనే ఉన్నాడు. ఆయనకి తెలియదు," అని పంపాను.

"దీని గురించి మూడుసార్లు ప్రకటన చేశాం. ప్రకటన చేసిన తర్వాత యజమానికి తెలియకపోవడం జరగదు. చెవుడున్నవారికి కూడా వినిపిస్తుంది. యజమానికి తెలుసు, మీరేమో తెలియదంటున్నారు. కాబట్టి మీరు యజమాని తరఫువారు కాకపోవచ్చు. గడువులోగా యజమాని రానందున వస్తువును ఈ మధ్యాహ్నం లారీకి కేటాయించాం."

మర్యాదగా, ఎక్కడా నోరు జారకుండా చెప్పింది. మాటలు నావే. నా మాటకు తరుగు తియ్యకుండా బస్తా మొత్తం లెక్కలో వేసుకున్నవాడు లోకంలో ఒకడున్నాడని ఆ క్షణంలో తెలిసింది. సంతోషించే సమయం కాదు గానీ, కొంచెం సంతోషించాను.

ఆ తర్వాత కళ్ల ముందు బొమ్మ కట్టింది. బస్టాండులో స్పీకరు స్తంభం, దాని కింద బల్ల. ఆ బల్ల మీద మా వియ్యంకుడు, తల చేతుల్లో పెట్టుకుని. ఆయన నెత్తి మీద స్పీకరు, ఎడమ చెవిమిషను దొరికింది, యజమాని వచ్చి తీసుకోవలెను అని ఒకటికి మూడుసార్లు. ఆయన ఒక్కసారైనా తల ఎత్తలేదు. ఎత్తినా ఏం లాభం?

ఇద్దరం ఆటో పట్టుకుని వెళ్లాం. దారి పొడుగునా ఆయన ఒకటే మాట, "అమ్మాయికి తెలియకూడదు." వెళ్లేసరికి లారీ బస్టాండు వెనక ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. మెట్ల పక్కన తాళాలాయన సంచులు పైకి మోయిస్తున్నాడు. కోడలు లోపల కౌంటరు దగ్గర ఎవరితోనో మాట్లాడుతోంది. వియ్యంకుణ్ని స్తంభం వెనక నిలబెట్టి నేను వెళ్లాను.

"తాళాలాయనా, ఆ సంచిలో నా చెవిమిషను ఉంది. ఇచ్చెయ్యి," అన్నాను.

"మీదా? మీకు చెవుడెప్పుడొచ్చింది పెద్దాయనా?"

"మొన్న ఉరుము ఉరిమినప్పుడు. ఆ ఉరుముకి మా వీధిలో మూడు ఇళ్ల పెంకులు లేచిపోయాయి, నా రెండు చెవులు పోయాయి. నువ్వనేది పెదాలు చూసి పోల్చుకుంటున్నానంతే."

తాళాలాయన వెనక్కి తిరిగి సంచి మూతి కట్టుకుంటూ, తనలో తను గొణుక్కున్నట్టు, "అయ్యో, పెద్దాయన చెప్పు తెగిపోయిందే పాపం," అన్నాడు.

నేను కిందికి చూసుకున్నాను.

"చెవులు తిరిగొచ్చినట్టున్నాయి," అన్నాడు తాళాలాయన. "జరగండి పెద్దాయనా, లారీకి టైమైంది."

సంచి లారీ ఎక్కింది. వెనక తలుపు వేస్తున్నారు. ఇంకో అబద్ధం కోసం వెతుక్కుంటున్నాను. నాలాంటివాడికి అబద్ధం తట్టని క్షణాలు తక్కువ, అదొకటి. ఇంతలో స్తంభం వెనక నుంచి వినిపించింది.

"అమ్మాయ్!"

చెవుడున్నవాడు తన గొంతు ఎంతుందో తనే ఎరగడు. బస్టాండులో బస్సుల మోత ఆగినట్టయింది.

"అమ్మాయ్! నా చెవిమిషను పోయింది! నీకు చెప్పలేదు! తాడు కట్టుకోలేదు! ఆ లారీలో పోతోంది, ఆపించు!"

ఆ వారంలో ఆ బస్టాండులో చేసిన ప్రకటనలన్నిటిలో ఊరంతా విన్నది అదొక్కటే. పళ్ల బండివాడు వచ్చి లారీకి అడ్డంగా నిలబడ్డాడు. పై ప్లాట్‌ఫాం మీద కండక్టరు ఈల ఊదాడు. కోడలు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చింది. తండ్రిని చూసింది, నన్ను చూసింది, తాళాలాయన చేతిలో తాళాల గుత్తి చూసింది. సంచి దింపించి, మూతి విప్పించి, చిన్న కవరు తీసి తండ్రి చేతిలో పెట్టింది. మళ్లీ తనే అందుకుని చెవిలో అమర్చింది.

"వినబడుతోందా?"

"ఆఁ."

"నీకెన్నిసార్లు చెప్పాను నాన్నా..."

ఆయన చెయ్యి మెల్లగా చెవి మీదికి వెళ్లింది. మిషను ఆపేసుకున్నాడు.

కోడలు ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. మళ్లీ మొదలుపెట్టేదే, కానీ అప్పటికి తాళాలాయన సంచుల్లో ఉన్నవి ఒక్కొక్కటే బయట పెడుతున్నాడు. కట్టుడుపళ్లు, కళ్లజోళ్లు, ఎర్ర గొడుగు, చెప్పు. ఆమె వాటిని చూసింది. "ఇవన్నీ ఎందుకు వెళ్తున్నాయి?"

"యజమానికి తెలుసు, రాలేదు అని ముద్ర ఉంది మేడం. అన్నిటికీ ఉంది."

కోడలు కిందికి దిగి కంప్యూటరు ముందు కూర్చుంది. మేమిద్దరం వెనక నిలబడ్డాం. ఏజెంటు చేసిన పనులన్నీ వరసగా ఉన్నాయి. ఏ వస్తువు వచ్చినా మొదట ప్రకటన, వెంటనే తెలిపినట్టు గుర్తు. 'సరిపోల్చు' జోలికి వారమంతా పోలేదు. ఎందుకు పోతుంది? యజమానికి తెలిసిపోయాక ఫిర్యాదులు వెతకడం దండగ. ఆ ఫిర్యాదుల్లో ఎర్ర గొడుగుదీ ఉంది, పళ్లదీ ఉంది.

నా నాలుగు వాక్యాలూ తెరిచి చూసింది. ఈసారి నవ్వలేదు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

"మీ తప్పేం లేదు మామయ్యా," అంది. "మీరెప్పుడూ రాసేట్టే రాశారు. చదివి పెట్టింది నేను. చెవుడున్నవాడికీ వినిపిస్తుంది అని నా కళ్లతోనే చదివాను. మీ మాట కదా, చదువుతూనే తరుగు తీసేసుకున్నాను. గట్టిగా వినిపిస్తుందని అర్థం అనుకుని ఊరుకున్నాను. దానికి మీరెవరో తెలీదుగా. తరుగు తియ్యాలని దానికెవరు చెప్పారు?"

వియ్యంకుడు అప్పటికి మిషను మళ్లీ ఆన్ చేసుకున్నట్టున్నాడు. "అయితే నువ్వూ పొరపాటు చేశావన్నమాట," అన్నాడు.

"చేశాను నాన్నా."

"మరి రేపటినుంచి పని మానేస్తావా?"

కోడలు ఆయన వైపు తిరిగింది. "నేనెందుకు మానేస్తాను? దిద్దుకుంటాను."

"నేనూ అంతే," అన్నాడు ఆయన. "తాడు కట్టుకుంటాను."

 తాళాలాయన గలగలమంటూ వచ్చి, సంచులన్నీ మళ్లీ అరల్లోకి సర్దాలా అని ఏడుపు మొహంతో అడిగాడు. సర్దాలంది. తర్వాత తండ్రితో, "నల్లతాడు కట్టుకో, కనబడకుండా ఉంటుంది. సోమవారం టిఫిను డబ్బా నేను కట్టిస్తాను," అంది. ఆయన సరేనన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

నేను రాసింది మొత్తం చెరిపేసి కొత్తగా రాసింది. రాస్తూ పైకి చదివింది. "ఇచ్చిన వాక్యాన్ని బస్టాండు స్పీకర్లలో ఒకసారి చదువుతుంది. ముందు 'సరిపోల్చు' వాడి, ఫిర్యాదు ఏదీ దొరక్కపోతేనే దీన్ని వాడాలి. మందులు, కట్టుడుపళ్లు, చెవిమిషన్లు, లోదుస్తులు లాంటి సొంత వస్తువుల కోసం వాడకూడదు. దీన్ని వాడినంత మాత్రాన యజమానికి తెలిపినట్టు గుర్తు వెయ్యకూడదు."

"ఎందుకు వెయ్యకూడదో కూడా చెప్పాలిగా," అన్నాను. కారణం లేని ఆజ్ఞ నాకు నచ్చదు.

"ఏముంది?" అన్నాడు వియ్యంకుడు. "ఆ పెట్టె అరుస్తుంది. ఎవరు విన్నారో దానికేం తెలుసు?"

కోడలు అదే రాసింది. "ఎవరు విన్నారో దీనికి తెలియదు." అక్కడితో ఆపింది.

తర్వాత పరీక్ష పెట్టింది. చెవిమిషను అప్పుడే దొరికినట్టు ఏజెంటుకు మళ్లీ చూపించింది. ఈసారి అది మొదట ఫిర్యాదులతో సరిపోల్చింది. పొద్దున నేను పంపినది పట్టుకుంది. నా జేబులో ఫోను కుయ్యిమంది. "మీరు చెప్పిన వస్తువు లాంటిది మా దగ్గర ఉంది. అది మీదేనని తెలుసుకోవడానికి ఏదైనా గుర్తు చెప్పగలరా?" అని అడుగుతోంది. పొద్దున నన్ను దొంగని చేసిన యంత్రమే. దానికి పగ లేదు, సిగ్గూ లేదు. ముందర ఏం రాసి పెడితే అది.

సాయంత్రానికి ఎర్ర గొడుగు యజమాని వచ్చి తీసుకుపోయాడు. కట్టుడుపళ్ల యజమాని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చి, చెయ్యి తీసేసి వెళ్లాడు. కొయ్యకాలు మాత్రం అక్కడే ఉంది.

సోమవారం మా వియ్యంకుడు నల్లతాడుతో ఫ్యాక్టరీకి వెళ్లాడు. సాయంత్రం వచ్చాక, నేను అందగాణ్నా కాదా అని మళ్లీ అడిగాను. "కాదు బావగారూ," అన్నాడు. చెవి బాగా పనిచేస్తోంది.

ఇక మెప్పు పంచుకునే మాట. మొదట్లో సగం నాదన్నాను. లెక్క చూస్తే, ఆ రాతలో వాక్యాలన్నీ కోడలివి, చివరిది మాత్రం వియ్యంకుడిది. నాది అనడానికి 'ప్రకటన' అన్న పేరైనా మిగులుతుందనుకున్నాను, అది కంపెనీవారు ముందే పెట్టిందట. కాబట్టి ఏజెంటుకు పనిముట్ల సంగతి తెలియజెప్పడంలో నన్ను మించినవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. నాకేం బాధ లేదు. ఊళ్లో ఇంకెవరైనా ఉన్నా రావచ్చు.

ఇదంతా రాసి కోడలికి చదవమని ఇచ్చాను. అన్నీ చదివి ఒక్కచోట వేలు పెట్టింది. "నాన్న స్పీకరు కింద బల్ల మీద కూర్చోలేదు కదా మామయ్యా."

కూర్చోలేదు. బస్సు వెళ్లిపోగానే తిన్నగా మా ఇంటికి వచ్చి, వెనక గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. స్పీకరు ఎంత అరిచినా మా వీధి దాకా రాదు. కథకి ఒక బల్ల కావలసి వచ్చింది, వేశాను. తీసెయ్యమంది కోడలు. చదివేవాళ్లే తరుగు తీసుకుంటారులే అని ఉంచేశాను.

మిగతాదంతా నిజం. గేదెది కూడా.